తొమ్మిదో అంచెకి ఇరవై ఎనిమిది మంది

డిసెంబర్ 29

లిస్ట్ వచ్చింది. మా అబ్బాయి కెయిగో పేరుంది. తొమ్మిదో అంచె.

మధ్యాహ్నం ఒకాయనకి గడ్డం గీస్తున్నాను. మా ఆయన పక్క కుర్చీ దగ్గర కత్తెర వదిలేసి, ఫోన్ చూసి ఒక్క కేక పెట్టాడు. నా చేతిలో కత్తి. కుర్చీలో మనిషి బిగుసుకుపోయాడు. ఏం తెగలేదు. నా చెయ్యి అలాంటిది.

కెయిగో నాలుగేళ్ళు యూనివర్సిటీ హాస్టల్లో తిన్నాడు, నాలుగేళ్ళు పరిగెత్తాడు. హకోనే అంచెల పరుగులో మాత్రం ఒక్క అడుగు వెయ్యలేదు. ప్రతి కొత్త సంవత్సరం రిజర్వే. ఇదే ఆఖరి ఏడాది. ఏప్రిల్ నుంచి ఉద్యోగం, ఆ తర్వాత వాడు పరిగెత్తేది బస్సు కోసమే. అందుకని నాక్కూడా సంతోషమేసింది. కేక పెట్టలేదంతే.

రెండో తారీఖున ఐదుగురు టోక్యో నుంచి హకోనే కొండ మీదికి, మూడో తారీఖున ఐదుగురు కొండ మీంచి టోక్యోకి. మావాడు తిరుగు దారిలో నాలుగోవాడు. మా ఇంట్లో అందరం కలిసి చూద్దామని మా ఆయన సాయంత్రానికల్లా పన్నెండు మందిని పిలిచేశాడు. మేడ మీద రెండు గదుల మధ్య తలుపులు ఊడదీస్తాడట. వండేది ఎవరో అడగలేదు.

డిసెంబర్ 30

ఏడాది ఆఖరు కదా, షాపులో ఊపిరి తీసుకోవడానికి లేదు. మా హిమి ఊళ్ళో ఉన్న గడ్డాలన్నీ ఇవాళే గుర్తొచ్చాయి జనానికి.

చేపల షాపు మిజొగుచి వచ్చాడు. వాళ్ళబ్బాయి మా వాళ్ళకి పోటీగా ఉన్న యూనివర్సిటీ జట్టులో మేనేజరు. తండ్రీకొడుకులు రోజుకి మూడుసార్లు మాట్లాడుకుంటారు. మీ జట్టులో అందరికంటే జోరైన కుర్రాడు రిజర్వులో కూర్చున్నాడేంటి వదినా అన్నాడు. పరుగు రోజు పొద్దున్న మార్చుకోవచ్చు కదా, మీవాణ్ణి దిష్టిబొమ్మలా నిలబెట్టారేమో, తెల్లారితే పీకేస్తారేమో అన్నాడు. ఒకసారి పీకేస్తే ఇంకే అంచెలోనూ చోటుండదు, తెలుసుగా అని కూడా అన్నాడు. పై పెదవి మీద కత్తి పెట్టాను. నోరు మూశాడు.

మా ఆయన ఊరుకుంటాడా. నీ మొహం, దిష్టిబొమ్మ నువ్వు, మా కెయిగో కాళ్ళు చూశావా ఎప్పుడైనా, మూడో తారీఖున వచ్చి కళ్ళారా చూడరా అని వాణ్ణీ పిలిచాడు. ఆ తర్వాత షాపు వెనక మంచులోకి వెళ్ళి పది నిమిషాలు నిలబడ్డాడు. ఎందుకంటే గాలికట. లోపలికొచ్చి ఇంకో నలుగుర్ని పిలిచాడు.

డిసెంబర్ 31

ఇరవై రెండు. బియ్యం షాపు కుసకాబే గారు మా బజారు సంఘానికి ప్రెసిడెంటు. బ్యానర్ రాయించారు, మావాడి పేరు నా అంత పొడుగుంది.

జనవరి 1

మా ఆయన గుడికి వెళ్ళాడు. నేను ముల్లంగి చెక్కు తీస్తున్నాను. కెయిగో ఫోన్ చేశాడు.

శుభాకాంక్షలు అయ్యాయి. ఎంతమంది వస్తున్నారమ్మా అన్నాడు. ఇరవై రెండు అన్నాను. అంతమందా అన్నాడు.  హాస్టల్లో ఎవరో నవ్వుతున్నారు, అదే వినపడుతోంది.

మార్చేస్తున్నారా అని అడిగాను. నేనేం చెప్పలేదమ్మా అన్నాడు. అంటే చెప్పినట్టే. ఇంట్లోవాళ్ళకి కూడా తెలియకూడదని కోచ్ మాట తీసుకున్నాడట. ఆ జోరైన కుర్రాడు తొమ్మిదిలో వస్తాడని పక్క జట్లకి తెలిస్తే వాళ్ళూ తమ మనిషిని మార్చుకుంటారట. నువ్వు ఒప్పుకున్నావా అన్నాను. జట్టు కోసం కదమ్మా అన్నాడు. ఆ మాటని పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు. నాన్న దగ్గర మాత్రం ఈ సంగతి ఎత్తకు, నీకు దణ్ణం పెడతాను అన్నాడు.

ఫోన్ పెట్టేశాక మిగతా ముల్లంగి కూడా చెక్కు తీసేశాను. పదకొండు. తర్వాత కూర్చున్నాను. ఆ కోచ్‌ని ఒక్క పది నిమిషాలు నా కుర్చీలో వెనక్కి వాల్చి పడుకోబెడితే చాలు, ఇంకేం అక్కర్లేదు నాకు.

మా ఆయనకి చెప్పాలా? నోట్లో నువ్వు గింజ నానని మనిషి. ఆయనకి చెప్తే అరగంటలో మిజొగుచికి తెలుస్తుంది, ఇంకో నిమిషంలో వాళ్ళబ్బాయికి. నాలుగేళ్ళలో కెయిగో జట్టుకి చెయ్యగలిగింది ఈ ఒక్కటే, అదీ మా ఇంట్లోంచే పోతుంది. చెప్పకపోతే ఇరవై రెండు మంది ముందు ఈయన తల ఎక్కడ పెట్టుకుంటాడు?

కొడుకు మాటా, మొగుడి పరువా. కొడుకు మాటే అనుకున్నాను. సులువుగా ఏం అనుకోలేదు.

జనవరి 2

మొదటి రోజు పరుగు. జట్టు ఏడో స్థానంలో ఉంది. ఇంట్లో మేమిద్దరం, కుసకాబే గారు. మావాడు రేపు కనీసం ముగ్గుర్ని దాటతాడని మా ఆయన టీవీకి అడ్డంగా నిలబడి చెప్పాడు. కూర్చోరా మసనోరి, ఇవాళ పరిగెత్తేవాళ్ళని చూడనివ్వరా అన్నారు కుసకాబే గారు.

మధ్యాహ్నం బయటికి వెళ్ళి పళ్ళ డాక్టర్నీ, స్టేషన్ మాస్టర్నీ, ఆయన పెళ్ళాన్నీ, ఇంకా ఎవరెవర్నో పిలిచొచ్చాడు. ఇరవై ఎనిమిది. ఇంక చాలు, గిన్నెలు లేవు, చెప్పులు పెట్టడానికి చోటు లేదు అన్నాను. ఏమే, నీ కొడుకు పరిగెత్తేది జన్మకి ఒక్కసారి, దానిక్కూడా చెప్పుల గొడవేనా అన్నాడు.

అప్పుడు చెప్పేద్దామనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది. ఒళ్ళు మండింది, జాలీ వేసింది, రెండూ ఒకేసారి. పక్కింటికి వెళ్ళి గిన్నెలు తెచ్చాను.

బురీ చేప, ముల్లంగి కలిపి రెండు పెద్ద కుండలు ఉడికించాను. ఇల్లంతా ఆ వాసనే.

జనవరి 3, ఉదయం 6:50

మార్చారు.

జనవరి 3, ఉదయం 7:15

మా ఆయన ఫోన్‌లో చూశాడు. ఫోన్ బోర్లా పెట్టాడు. నేను రెండ్రోజులుగా మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాను. ఏదీ అక్కర్లేకపోయింది. అన్నానికి బియ్యం కడిగావా అని అడిగాడు. వాళ్ళందరికీ ఫోన్ చేసి రావద్దని చెప్పనా అన్నాను. పిలిచినవాళ్ళని వద్దంటామా, చేప ఏం చేస్తావు అన్నాడు.

ఈయనకి అర్థమైందా లేదా అని అనుమానమొచ్చింది. మొహం చూశాను. మామూలుగానే ఉంది. గడ్డం గీసుకోలేదు, అంతే తేడా.

జనవరి 3, సాయంత్రం

అందరూ వెళ్ళారు. రాస్తాను.

ఒక్కరూ మానలేదు. అందరికీ పొద్దున్నే తెలిసిపోయింది కదా, పరామర్శకి వచ్చినట్టు వచ్చారు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ మంచు గురించి మాట్లాడారు. మెట్లెక్కుతూ మంచు గురించి మాట్లాడారు. కుసకాబే గారు బ్యానర్ చుట్టి చంకలో పెట్టుకుని, ఎక్కడ దాచాలో తెలీక గది మధ్యలో నిలబడిపోయారు. మా ఆయన అది లాక్కుని గోడకి వేలాడదీశాడు. పేరు రాసింది రాసినట్టే ఉంది కదండీ, చెరిగిపోలేదుగా అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పళ్ళ డాక్టరు చేప బాగుందన్నాడు, అప్పటికి ఇంకా వడ్డించలేదు.

సిగ్గు లేదా ఈ మనిషికి అనుకున్నాను. అందరికీ బీరు పోస్తున్నాడు, ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పలకరిస్తున్నాడు.

పదకొండు దాటాక తొమ్మిదో అంచె మొదలైంది. మావాడి బదులు వచ్చిన కుర్రాడు ఒకరి నుంచి ఒకరు అందుకునే జట్టు పట్టీ భుజాన వేసుకుని బయల్దేరాడు. రెండో ఏడాది పిల్లాడు, పీలగా ఉన్నాడు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలీలేదు. మా ఆయన కొట్టాడు. పరిగెత్తు నాయనా, పరిగెత్తు అని అరిచాడు. అప్పుడు అందరూ కొట్టారు.

వాడు నిజంగానే పరిగెత్తాడు. ఒకణ్ణి దాటాడు. రెండోవాణ్ణి దాటాడు, వాడు మిజొగుచి కొడుకు జట్టువాడు. మిజొగుచి చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు. నేనే మావాడితో చెప్పాను వదినా, తొమ్మిదిలో మీ కెయిగోనే, భయపడాల్సిందేం లేదని అన్నాడు. వాళ్ళు తమ గట్టివాణ్ణి పదో అంచెకి అట్టే పెట్టుకున్నారట. మసనోరి ఊరంతా అంత గట్టిగా చాటుతుంటే నమ్మక ఏం చేస్తాను అన్నాడు. అంటే మా ఆయన వాగుడు, ఆయనకి తెలీకుండానే, కొడుకు జట్టుకి పనికొచ్చిందన్నమాట. ఆయన వంక చూశాను. మంచు ఎత్తి వస్తాను, మెట్ల మీద ఎవరైనా జారతారు అంటూ లేచాడు. పార తీసుకుని కిందికి వెళ్ళాడు.

యొకొహామా స్టేషన్ దగ్గర నీళ్ళు ఇస్తారు. పరిగెత్తని పిల్లల్లో ఒకడు సీసా పట్టుకుని, పరిగెత్తేవాడి పక్కనే యాభై మీటర్లు పరిగెత్తుతాడు. అంతకంటే పరిగెత్తకూడదు. ఆ సీసా పట్టుకున్నవాడు కెయిగో.

నాకు ముందు అర్థం కాలేదు. ఆ చెవులు ఎక్కడో చూశానే అనుకున్నాను. ఈలోగా టీవీలో పేరు చెప్పారు, నాలుగో ఏడాది విద్యార్థి అని చెప్పారు. గది దద్దరిల్లింది. స్టేషన్ మాస్టర్ పెళ్ళాం నా భుజం పట్టుకుని ఊపేస్తోంది. కుసకాబే గారు బ్యానర్ కింద నిలబడి కెయిగో, కెయిగో అని గొంతు పగిలేలా అరుస్తున్నారు, డెబ్భై నాలుగేళ్ళ మనిషి. టీవీలో మావాడు ఆ పిల్లాడితో ఏదో చెప్తూనే పరిగెత్తుతున్నాడు. నవ్వుతున్నాడు. సీసా తిరిగి తీసుకున్నాడు, ఆ పిల్లాడి వీపు మీద ఒక్కటి చరిచాడు, ఆగిపోయాడు. కెమెరా ముందుకెళ్ళిపోయింది.

మా ఆయన్ని పిలవాలని మెట్లు దిగి పరిగెత్తాను. షాపులో లైట్లు లేవు. మూలనున్న చిన్న టీవీ వేసుంది. దాని ముందు నిలబడి ఉన్నాడు, చేతిలో పార, పారకి మంచు లేదు. నాకు వీపే కనపడుతోంది గానీ ఎదురుగా అద్దం ఉంది. ఏడుస్తున్నాడు. చప్పుడు లేదు.

లోపలికి వెళ్ళలేదు. ఊరంతటి ముందు పరువు పోయిందని ఏడుస్తున్నాడనుకున్నాను. పోగొట్టింది నేనే కదా. మెల్లిగా మేడ ఎక్కి, అడగనివాళ్ళకి కూడా ఇంకో గరిటె వడ్డించాను.

జట్టు నాలుగో స్థానంలో ముగించింది. బాగా చేశారట.

జనవరి 4

గిన్నెలు తోమి పక్కింటికిచ్చాను. ఆయనతో చెప్పలేకపోయాను.

జనవరి 5

ఇవాళ కూడా.

జనవరి 6

మధ్యాహ్నం కెయిగో వచ్చాడు. వాళ్ళ నాన్న సెలూన్ల సంఘం మీటింగుకి వెళ్ళాడు. మిగిలిన బురీ వేడిచేసి పెట్టాను. మూడు గిన్నెలు అన్నం తిన్నాడు.

యాభై మీటర్లు ఎలా ఉందిరా అన్నాను. చాలా పొట్టిగా ఉందమ్మా అన్నాడు. నీళ్ళు నువ్వే ఇవ్వాలని అడిగింది ఆ రెండో ఏడాది పిల్లాడేనట. నీ చోటు తీసుకున్నాను, కాసేపైనా నా పక్కన పరిగెత్తు అన్నాడట. 

నాన్నకి నేనింకా చెప్పలేదురా, నాకు ముందే తెలుసని చెప్పడానికి మొహం చెల్లడం లేదు అన్నాను. వాడు తినడం ఆపాడు. నవ్వబోయి మానేశాడు.

నాన్నకి ముప్ఫయ్యో తారీఖునే తెలుసమ్మా అన్నాడు.

ఆ రోజు ఫోన్ చేసి సూటిగా అడిగాడట. వీడు అబద్ధం చెప్పలేకపోయాడట.  అప్పుడాయన, సరే, నువ్వు ఊరుకో, నేను చూసుకుంటాను, ఊరంతా మైకు పెట్టి చాటినట్టు చాటుతాను, మిజొగుచిగాడు ఇంకేం నమ్ముతాడో చూస్తాను అన్నాడట. అమ్మకి మాత్రం చెప్పకు, పండగపూట అంత వంట చేస్తూ బాధపడుతుంది అన్నాడట. వీడేమో ఉండలేక నాకు ఫోన్ చేశాడు. ఎవరికీ ఎవరి సంగతీ చెప్పలేక హాస్టల్లో వీడు నాలుగు రోజులు నిద్రపోలేదట.

ఆ మనిషికి నోట్లో నువ్వు గింజ నానదని ఇరవై ఆరేళ్ళుగా ఈ ఊళ్ళో అందరితో అన్నదాన్ని నేనే. సిగ్గేసింది. చచ్చేంత సిగ్గేసింది.

జనవరి 7

షాపు తెరిచాం. కత్తెరలు తుడుస్తుంటే అడిగాను. తెలిసి కూడా ఇరవై ఎనిమిది మందిని ఎందుకు పిలిచావు, పన్నెండు మంది చాలరా అన్నాను. నాకెలా తెలిసిందని అడగలేదు. గొప్పలు తగ్గిస్తే మిజొగుచి కంటే ముందు నువ్వే కనిపెట్టేదానివి అన్నాడు. అని కత్తెర తుడుచుకుంటూ ఉండిపోయాడు. రోజంతా ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు.

తొమ్మిది మంది వచ్చారు. తొమ్మిది మందికీ నేనే చెప్పాను. మావాడు హకోనేలో యాభై మీటర్లు పరిగెత్తాడు, చూశారా అని.