కుడి నుంచి రాసిన పేజీ

మెదక్,
18 ఆగస్టు 1968, ఆదివారం.

చిరంజీవి సలోమికి నాయనమ్మ ఆశీర్వదించి రాయునది. దేవుని దయవల్ల ఇంట్లో అందరం బాగున్నాం. అక్కడ నీ ఒంట్లో, నీ చదువులో అంతా సవ్యంగా ఉందని నమ్ముతున్నాను. మీ నాన్నకు దగ్గు తగ్గింది. కాంపౌండరు అయి ఉండి తన మందు తానే వేసుకోడు, అడిగితే నవ్వుతాడు. నాలుగు రోజులుగా వాన. పెరట్లో గోడ ఒక మూల కూలింది, ఎవరికీ దెబ్బ తగలలేదు.

నీ ఉత్తరం ఈ నెల రెండో తేదీన అందింది. పదహారు రోజులు జవాబు రాయకపోవడం నాకు అలవాటు లేని పని. కారణం చెబుతాను.

హాస్టల్లో నీళ్ల సంగతి వార్డెనమ్మకు నోటితో కాదు, కాగితం మీద రాసి ఇవ్వు. తప్పిన పరీక్షను రోజుకు ఒక్క పేజీ చదివి గట్టెక్కావని రాశావు. చాలా సంతోషం. అది పూర్తిగా నీ కష్టం. అది రోజుకో పేజీ అన్న నా మాట వల్ల జరిగిందని, నా ఉత్తరాన్ని నీ మంచం పక్కన గోడకు అంటించానని కూడా రాశావు. అక్కడి నుంచి ఆ పూట ముందుకు చదవలేకపోయాను.

నువ్వు రెండు ప్రశ్నలు అడిగావు. షాజహాన్ బీ అత్త పరీక్ష ఎట్లా రాసింది, నా ఉర్దూ ఎన్నో పేజీకి వచ్చింది అని.

మొదటిదానికి జవాబు: తప్పింది. తప్పింది ఆమె కాదు, నేను.

రామాయంపేట మహిళా మండలిలో కుట్టు టీచరు ఉద్యోగానికి తెలుగు చదవడం రాయడం రావాలని, దానికి పరీక్ష ఉంటుందని అన్నారని, అందుకే జాకెట్లు కుట్టుకునే ఆమె మార్చి నాలుగు నుంచి మన ఇంటికి వస్తున్నదని నీకు తెలుసు. నేను ఆమెకు తెలుగు, ఆమె నాకు ఉర్దూ, ఇద్దరికీ రోజుకు ఒక పేజీ. బక్రీదు నాడు కూడా సేమియా గిన్నె ఒక చేత్తో, పుస్తకం ఒక చేత్తో వచ్చింది. నా పద్ధతి నీకు తెలిసిందే. ముందు చెయ్యి తిరగాలి, చదవడం తర్వాత. పై వరుసలో నేను ఒక వాక్యం రాసిస్తే కింద ఇరవై సార్లు దించాలి. ఆమె దించేటప్పుడు నేను కూరగాయలు తరుక్కుంటూ కూర్చునేదాన్ని. పేజీ నిండాక చూసి టిక్కు పెట్టేదాన్ని.

జులై ఒకటిన, అంటే నూట ఇరవయ్యో రోజున, "ఇవాళ నేను రాసియ్యను, నీ సొంత మాట రాయి" అన్నాను. సంతోషంగా రాసి ఇచ్చింది. చూస్తే, "దిస్తవ రికనౌ కునా." ఇరవై వరుసలూ అదే.

జాకెట్ బట్టలు ఇవ్వడానికి ఆమె కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు అరుగు మీదే ఉన్నారు. వాళ్ల ముందే అన్నాను: "ఏదో ఒకటి గీకి పేజీ నింపితే చదువైతదా? నన్ను మోసం చేద్దామనుకున్నవా?"

"మోసం నాకెర్క లేదు టీచరమ్మా. మీరు చెప్పినట్టే రాసిన."

"ఇది ఏ భాష? చదువు చూద్దాం."

ఆమె ఆ ఆడవాళ్ల వైపు చూసింది, కాగితం వైపు చూసింది. నేను పేజీకి సున్నా చుట్టాను. ఆమె కాగితాన్ని బెంచీ మీదే వదిలేసి వెళ్లింది. మర్నాటి నుంచి రాలేదు. నేను కబురు చేయలేదు.

ఈ నెల ఎనిమిదిన మీ నాన్న పోస్టు కవరు కోసం నా రిజిస్టరు తీశాడు. అందులో దాచిన ఆ కాగితం కనబడింది. సున్నా ఎందుకు పెట్టావన్నాడు. చదివి చూడమన్నాను.

"నాకు నౌకరి వస్తది" అని గడగడా చదివాడు. "దీంట్ల తప్పేమున్నదమ్మా? నువ్వు ఇటు నుంచి చదువుతున్నవ్, ఆమె ఉర్దూ లెక్క అటు నుంచి రాసింది. చిన్నప్పుడు ఉర్దూ బడిల నేను తెలుగు పేరు గట్లనే రాసి తన్నులు తిన్న."

సలోమీ, నూట ఇరవై రోజులు ఆమె నా ఎదుట కూర్చుని కుడి చివర నుంచి ఒక్కొక్క అక్షరం కింద ఒక్కొక్క అక్షరం పెడుతూ వచ్చింది. నేను ఒక్కరోజు కూడా ఆమె చేతి వైపు చూడలేదు.

ఇక రెండో ప్రశ్న. గత ఉత్తరంలో నా ఉర్దూ నూట నలభై ఒకటో పేజీ అని రాశాను. అది అబద్ధం. పదకొండు పేజీలు రాశాను. పన్నెండో రోజున నా అక్షరాలు చూసి ఆమె నవ్వింది, ఊరికే నవ్వింది. అరవై మూడేళ్లు వచ్చి, ముప్పై ఏళ్లు పిల్లల చేతిరాత దిద్ది, ఒకరు నవ్వితే ఓర్చుకోలేకపోయాను. నువ్వు వెళ్లాక రాసుకుంటానని చెప్పి రాయలేదు. కానీ పుస్తకంలో రోజూ టిక్కు పెట్టాను. నీకు ధైర్యం చెప్పడానికే కదా అనుకున్నాను. ఆ టిక్కులు నీ గోడ దాకా వచ్చాయి. నెల రోజులు నిజంగా రాసి ఉంటే ఆ పేజీ ఎటు నుంచి చదవాలో నా కంటికే తెలిసేది.

తొమ్మిదో తేదీన వాళ్లింటికి వెళ్లాను. కుట్టు మిషన్ మీద ఉంది. తొక్కడం ఆపలేదు.

"జాకెట్ కొలత తెచ్చిన్రా టీచరమ్మా?"

"లేదు. తప్పు నాదని చెప్పనీకె వచ్చిన."

"మీ లెక్కల గూడ తప్పులుంటయా?" అంది. తర్వాత తానే చెప్పింది. నా దగ్గరికి రావడం మానినా రోజుకో పేజీ మానలేదట. జులై ఇరవై నాలుగున బస్సెక్కి పోయి పరీక్ష రాసిందట. "గా పరీక్ష పెట్టిన సారు నా కాయితం ఇటు తిప్పిండు, అటు తిప్పిండు. 'అమ్మా, ఇది ఏ ఊరి తెలుగు?' అన్నడు. 'మా టీచరమ్మ ఊరిది' అన్న."

ఆమె కూతురు మన్సూరా లోపల నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా దొంగ టిక్కుల సంగతి కూడా చెప్పేశాను. అప్పుడు మిషన్ ఆగింది.

"అంటే, నాకు సున్నా పెట్టిన చేత్తోనే మీకు మీరు టిక్కులు పెట్టుకున్నరా?"

అవునన్నాను. మాఫీ అడిగాను.

"మాఫీ ముచ్చట తర్వాత. మొదలు ఏ దిక్కు కెళ్లి రాయాల్నో చూపెట్టుండ్రి."

ఆమె చెయ్యి పట్టుకుని కాగితం ఎడమ అంచున పెట్టాను. "మిషన్ ఎన్కకు తొక్కినట్టున్నది" అంది.

పరీక్ష మళ్లీ జనవరిలో. ఈ తొమ్మిది రోజులుగా మధ్యాహ్నం నేనే వాళ్లింటికి వెళ్తున్నాను. ఆమె మన గడప తొక్కలేదు, తొక్కమని నేను అడగలేదు. ఆమె ముందే కూర్చుని నా ఉర్దూ పేజీ రాస్తున్నాను. మన్సూరా రోజూ నవ్వుతుంది. నా అసలు లెక్క ఇవాళ్టికి ఇరవై. ఇది తెలిశాక నీకు నా మాట మీద గురి పోతే నేను బాధపడను. నీ పేజీ మాత్రం మానకు. అది నువ్వు రాస్తున్నది, నేను కాదు.

నిన్న ఆమెను సొంత మాట రాయమన్నాను. ఎడమ నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా రాసింది. "రేపు జల్ది రండ్రి." జల్ది తెలుగు మాట కాదని, త్వరగా అని దిద్దడానికి పెన్సిలు తీసి, మళ్లీ కింద పెట్టేశాను.

పన్నెండు కావస్తున్నది. ఇక వెళ్తాను.

ఇట్లు,
తల దించుకుని నీ జవాబు కోసం చూసే
మీ నాయనమ్మ
సువార్తమ్మ