రేడియో మేష్టారి శెభాష్

ఏటిగట్టు మీద నుంచి,
మంగళవారం.

అక్కకు,

నీ తమ్ముడు రామాంజులు దండం పెట్టి రాస్తున్నది. నువ్వూ, బావా, ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న మేనకోడలు పద్మా కులాసా అని తలుస్తాను. బావ నడుం నొప్పి తగ్గిందా? బోరులో నీళ్ళు పడుతున్నాయా? నేను బాగానే ఉన్నాను. నిజంగానే బాగున్నాను, దిగులు పడకు. కొంచెం అలిసిపోయాను, అంతే.

మన సీమలో నీళ్ళు మోయడానికని పిల్లలు బడి మానేవాళ్ళు. ఇక్కడ నీళ్ళొచ్చి బడే మూతపడింది. ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని తెలియగానే మా లంక ఊరంతా పడవలెక్కి ఈ గట్టు మీదికి వచ్చేసింది. పడవలో నేను కళ్ళు మూసుకుని కూర్చుంటే, "ఏంటి మేష్టారూ, గోదారంటే అంత భయమేంటండి!" అని ఆడవాళ్ళు ఒకటే నవ్వు. నవ్వరూ మరి, ఈత రాని మగవాణ్ణి వాళ్ళెక్కడ చూశారు?

మూడు వారాలైంది. వరద తీసినా బడి గదుల్లో మోకాలి లోతు బురద. గట్టు మీద టార్పాలిన్ పాకల్లో జనం, గొడ్లు, నేను. వాన తెరిపివ్వదు, తడిసిన చొక్కా ఆరదు. పూటపూటా అన్నమే. సంగటి ముద్ద ఎలా ఉంటుందో మరిచిపోయేలా ఉన్నాను. ఇటు ఎవరైనా వస్తుంటే కాస్త చెనిక్కాయల పొడి పంపు. ఇంతమందిలో ఉన్నా మన మాట మాట్లాడేవాడు ఒక్కడూ లేడు. "యాడికి పోతివిరా" అని నోరు జారితే చాలు, పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతారు.

చదువులు ఆగకూడదని రోజూ పదకొండింటికి రేడియోలో పాఠాలు చెబుతున్నారు. గట్టు మీద పిల్లల్ని పోగేసి వినిపించమని మాకు ఆర్డరు. రేడియో నాదే. బ్యాటరీలు నీరసిస్తే ఎండలో పెడతాం కదా, ఇక్కడ ఎండేదీ? సరిగ్గా అదే వేళకి పులిహోర పొట్లాల పడవ వస్తుంది. సగం మంది అటు పరుగు. వాళ్ళనేం అంటాను, నేనూ అటే చూస్తుంటాను.

రేడియోలో ఒక మేష్టారున్నాడు, గొంతు బాగుంటుంది. "చెప్పండి పిల్లలూ, ఏడు ఎనిమిదులెంత?" అని అడిగి కాసేపు ఆగుతాడు. పిల్లలు అరిచి చెబుతారు. వెంటనే, "శెభాష్! సరిగ్గా చెప్పారు. యాభై ఆరు" అంటాడు. ఇటు ఎవరేం చెప్పారో ఆయనకెలా తెలుస్తుంది? అందరికీ శెభాషే.

మా అయిదో తరగతిలో దుర్గ అని ఒక పిల్ల ఉంది. బడిలో నోరు విప్పి ఎరగదు. వాళ్ళ నాన్న సూరిబాబు లంకలో అరటి వేస్తాడు. మంచివాడే. బడి తెరిచిన కొత్తలో వచ్చి, "మా పిల్ల ఎలా చదువుతుందండి?" అంటే, "దానికి చదువు రాదయ్యా" అనేశాను. ఆ రోజు నాకు జ్వరంగా ఉంది, చిరాగ్గా ఉంది. "అయితే మాన్పించేసి కాకినాడలో మా చెల్లెలి దగ్గరికి పంపేస్తానండి, రొయ్యల తలలు తీసే షెడ్డులో పని ఉందంట" అన్నాడు. "మీ ఇష్టం" అన్నాను. చూడక్కా, ఎంత తేలిగ్గా అన్నానో!

మొన్న గురువారం ఆ ఏడు ఎనిమిదుల పాఠమే నడుస్తోంది. అందరికంటే ముందు దుర్గ గట్టిగా, "నలభై ఎనిమిదండీ!" అంది. రేడియో, "శెభాష్!" అంది. వెనక నిలబడి ఉన్న సూరిబాబు మొహం వెలిగిపోయింది. గట్టు ఈ చివర నుంచి ఆ చివరి దాకా, "మా పిల్లని రేడియో మేష్టారు మెచ్చుకున్నారండోయ్" అని చెప్పుకుని వచ్చాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ పెద్దమనిషి ఎక్కడో కూర్చుని శెభాష్ అంటాడు, ఇక్కడ నిజం చెప్పి చెడ్డవాణ్ణయ్యేది నేనా?

శనివారం సూరిబాబు అరటిపళ్ళు పట్టుకుని వచ్చాడు. "మీరేమో రాదన్నారు, ఆయనేమో శెభాష్ అన్నారు. ఎవరి మాట వినమంటారండి? రేపు మా చెల్లెలు వచ్చేస్తుంది. పంపమంటే పంపేస్తానండి" అన్నాడు. కాసేపట్లో చెబుతానని, దుర్గని పిలిచాను.

"ఆ రోజు నువ్వు చెప్పింది తప్పు, తెలుసా?" అన్నాను.

"తెలుసండి. తర్వాత ఆయన యాభై ఆరన్నారు కదండి, పలక మీద దిద్దుకున్నాను."

"మరి శెభాష్ అన్నాడుగా?"

"ఆయన అందరికీ అలాగే అంటారండి. ఒకసారి నేనేం చెప్పకుండా కూర్చున్నా శెభాషే అన్నారు. అందుకే ఆయన దగ్గర చెప్తానండి. మీ దగ్గరైతే తప్పు చెప్తే అందరూ నవ్వుతారని భయమండి."

పలక చూపించింది. ఏడో ఎక్కం మొత్తం ఉంది. రెండు చోట్ల కొట్టేసి రాసింది, అంతే. నాకు తల కొట్టేసినట్టయింది అక్కా. సిగ్గేసింది. ఈ పిల్లకి అయిదేళ్ళలో ఒక్క శెభాష్ నేనిచ్చింది లేదు.

సూరిబాబుని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. "రేడియో ఆయనకి మీ పిల్ల కనపడదు సూరిబాబూ. ఆయన మాట వినకు. నాకు కనపడుతుంది. తప్పు చెప్పింది, తనే దిద్దుకుంది. నేను ముందన్న మాటే తప్పు. దుర్గని పంపొద్దు. గట్టు దిగాక రోజూ ఒక గంట నా దగ్గర కూర్చోబెడతాను."

"మరి శెభాషేనా అండి?" అన్నాడు.

"శెభాషే" అన్నాను. నోరు తిరగలేదనుకో, అలవాటు లేని మాట.

"ఆయ్, అయితే సరేనండి."

ఆదివారం వాళ్ళ చెల్లెలు వచ్చి, అన్నం తిని, ఒక్కతే వెళ్ళిపోయింది.

అప్పటినుంచీ నువ్వే గుర్తొస్తున్నావు. చిన్నప్పుడు పొయ్యి ముందు కూర్చుని వాచకం చదువుతుంటే నువ్వు రొట్టెలు తడుతూ, "ఊఁ... ఊఁ, తర్వాత?" అనేదానివి. ఎన్ని తప్పులు చదివానో! నీకు చదువు రాదని నేను చాలా పెద్దయ్యేదాకా కనిపెట్టలేకపోయాను. నువ్వు ఊ కొడితే చాలు, అంతా ఒప్పే అనుకుని ముందుకు పోయేవాణ్ణి.

పెద్దమ్మకూ, చిన్నాయనకూ నా దండాలు చెప్పు. ఎరువులేసిన చేను ఎలా ఉందో రాయించు. నా ఆరోగ్యం గురించి బెంగ వద్దు, మళ్ళీ చెబుతున్నాను. నీ దీవెన నా మీద ఉండనీ.

ఒక్క మాట. ఇంతవరకు చదవడంలో పద్మ ఎక్కడైనా తడబడి ఉంటుంది. నా రాత కోడిగీతలు, తప్పు దానిది కాదు. ఆపకు అక్కా. నాకు కొట్టినట్టే దానికీ ఊ కొట్టు.

నీ తమ్ముడు,
రామాంజులు