టీ తాగేసిన టానిక్

గుంటూరు,
9-2-86

సంతోషకుమారికి,

నేను క్షేమం. మిర్చి యార్డులో కాటా పని సాగుతోంది.

పాప రక్తపరీక్ష ఫలితం మద్రాసు నుంచి వచ్చింది. ఒంట్లో ఇనుము నిల్వ ఆరే ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఏడేళ్ళ పిల్లలకు పదిహేనుకు తగ్గకూడదట. "సంక్రాంతికి ముందు నుంచీ టానిక్ పోస్తూనే ఉన్నామండి" అని డాక్టరమ్మతో అన్నాను.

"దేనితో పోస్తున్నారయ్యా?" అని ఆవిడ అడిగారు.

"వెగటని పిల్ల తాగదండి. మా అమ్మ టీలో కలిపి ఇస్తుంది."

"అయితే మీ టానిక్కు టీయే తాగేసిందయ్యా!" అని నవ్వారు. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదట.

ఇక నుంచి నిమ్మరసంలో ఇవ్వాలి. మలం నల్లగా వచ్చినా భయపడవద్దు. ముఖం తేటబడిందని ఆపవద్దు. నిల్వ నిండేదాకా నేను వదిలిపెట్టను, మళ్ళీ పరీక్ష చేయిస్తాను.

కల్లంలో కాయలు ఎండాయా? మంచు పడకుండా పట్టా కప్పించు. నా దుప్పటి ఎవరైనా వస్తుంటే పంపు.

అమ్మను మాత్రం ఏమీ అనవద్దు. టానిక్ ఆమె చేతులతోనే పోయించు. గ్లాసులో టీకి బదులు నిమ్మరసం ఉంటే చాలు.

ప్రభువు మీ ముగ్గురినీ చల్లగా చూడాలి.

జయరావు