మావయ్య వేసిన చిగుళ్ళు

అమ్మా, నేను బాగున్నాను, నా "వసంతం" బొమ్మ ఇంకా బాగుంది.

నువ్వు పంపిన చిరిగిన చేపల వలను కాన్వాసు మీద మోడుకొమ్మల్లా అతికించి, ఇసుక, ఆటోనగర్ తుప్పుపొడి, రంగులు దట్టంగా మెత్తి ప్రదర్శనలో పెట్టాను కదా. నిన్న జనం రాకముందే పోలిరాజు మావయ్య వచ్చాడు. నేను టీ తెచ్చేలోపు చిరుగులన్నీ ఆకుపచ్చ నైలాను దారంతో ముడివేసేశాడు! "సిరిగిన వల నలుగుర్లో ఏలాడదీత్తే మన పరువేటైపోద్దే?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. తీరా దూరం జరిగి చూస్తే ఆ ముడులే చిగుళ్ళు! వచ్చినవాళ్ళంతా అక్కడే నిలబడిపోయారు.

పాత వలలుంటే ఉతక్కుండా పంపు. కూరకి ఎండు నెత్తళ్ళ చేపలు కూడా. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? ఇద్దరికీ దండాలు.

బొమ్మ కింద మావయ్య పేరూ రాశాను. ఆయనకి చెప్పకు, మిగతా బొమ్మలు కూడా బాగుచేస్తానంటాడు.

నీ సూర్యకళ