ఒడ్డున ఉండాల్సిన కాలు

జనవరి 12
మా ఓనరు సార్ ఆఫీసులో మైకు పట్టుకున్నారు. మా పార్సిల్ కంపెనీ ట్రయాథ్లాన్ పెడుతోందట. ముందు ఈత, తర్వాత సైకిలు, ఆఖర్న పరుగు. దివ్యాంగులు కూడా ముందుకు రావాలట. ఆ మాటకు ముందు గొంతు సవరించుకున్నారు. అందరూ నావైపు తిరిగారు. నా కుడికాలు మోకాలి కింద ప్లాస్టిక్. చప్పట్లు మోగాయి. నేనింకా సరే అననే లేదు.

జనవరి 13
సరే అన్నాను. సార్ కోసం కాదు. బోర్డు మీద నా పేరు పక్కన ఒక టైమ్ పడుతుంది. పుట్టి బుద్ధెరిగాక నా పేరు పక్కన 'పాపం' తప్ప ఇంకేమీ పడలేదు. ఆ టైమ్ కావాలి నాకు.

ఫిబ్రవరి 9
స్విమ్మింగ్ పూల్ దగ్గర కోచ్ తిట్టింది. చేతులకేమైంది, అవి ఉన్నాయిగా అంది. ప్రాణం లేచొచ్చింది.

మార్చి 2
కాలు తీసేసి ఈదాలి. బయటికొచ్చేసరికి ఆ కాలు పట్టుకుని ఒడ్డున నిలబడేవాణ్ని హ్యాండ్లర్ అంటారు. అన్నయ్యను పెట్టుకున్నాను. సార్ కారు నడిపేది తనే. మంచివాడు, ఎవరేమడిగినా కాదనలేడు. నీళ్లంటే మాత్రం చచ్చేంత భయం, ఈత రాదు. ఇంట్లో కూర్చోక నీకెందుకీ గోల అని వదిన సాధింపు. కూర్చుంటే నీ మాటలు వినాలి కదా అన్నాను.

మార్చి 29
సార్ నా కాలికి కంపెనీ స్టిక్కరు అంటించారు.

ఏప్రిల్ 6, మధ్యాహ్నం
కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

ఇవాళే రేసు. చెరువులో ఈత బ్రహ్మాండంగా సాగింది. రెండు కాళ్లున్నవాళ్లు చాలామంది నా వెనకే ఉన్నారు. ఒడ్డు చేరాను. అన్నయ్య ఉన్నాడు. చేతిలో తువ్వాలుంది, కాలు లేదు.

సార్ అడిగారట. స్టేజీ మీద అతిథులకు చూపించి, ఫొటో తీయించుకుని ఇచ్చేస్తానన్నారట. నువ్వింత తొందరగా వస్తావనుకోలేదే అన్నాడు. ఎవరూ అనుకోలేదు, అదీ సంగతి.

మైకులో సార్ నా పట్టుదల గురించి చెబుతున్నారు. అన్నయ్య ఎత్తుకోబోయాడు. ఎత్తుకుంటే రేసులోంచి తీసేస్తారు. కంకర మీద స్టేజీ దాకా పాకాను. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఒక్కడైనా కాలు తెచ్చివ్వలేదు. అది నా చేతికొచ్చేసరికి సైకిళ్ల గేటు మూసేశారు, టైమ్ దాటిపోయిందట.

ఏప్రిల్ 7
ఇవాళ వదిన కూడా పాపం అంది.

మే 4
పాకుతున్న నా ఫొటో ఆఫీసు గోడంతా వేశారు. కింద 'ఏదీ మనల్ని ఆపలేదు' అని రాయించారు. వచ్చే ఏడాదీ అలాగే చెయ్యాలట, ఈసారి కంకర మీద కార్పెట్ పరిపిస్తారట.

సార్ పరాయివాడు. కాలు తీసిచ్చింది నా తోడబుట్టినవాడు.

మా ఇంట్లో ఇంకొకరికి కూడా పాల్గొనాలని మహా సరదాగా ఉంది, సిగ్గుపడి అడగలేకపోతున్నారు అని సార్‌తో చెప్పాను. ఆయన మురిసిపోయారు.

మే 5
సార్ మైకులో అన్నయ్య పేరు చదివారు. కాదనలేకపోయాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే నావైపు చూశాడు. నేనూ కొట్టాను.