మార్త కెలికిన బొప్పాయి పాలు

విజయవాడ,
ఆగస్టు 1974

పూజ్యులైన ఫాదర్ గారికి,

మీ ఆరోగ్యం కోసం ఉదయం జపమాల చెప్పుకొని ఈ ఉత్తరం రాస్తున్నాను.

వాల్తేరులో పరిశోధన చేస్తున్న మా మార్తకు మిషన్ స్కాలర్‌షిప్ రావాలంటే మీ సంతకం కావాలి. శనివారంలోగా అది అందకపోతే పిల్ల చదువు ఆగిపోతుంది. నిన్న మీరు, "దేవుడు చేసినదాన్ని ఒకచోట కెలికితే మొత్తం పాడవుతుందమ్మా, అలాంటి చదువుకు నేను సంతకం పెట్టను" అన్నారు. జవాబు ఉత్తరంలో రాద్దామని వచ్చేశాను.

మార్త కెలికేది పచ్చి బొప్పాయి పాలలో ఉండే ఎంజైమును. మాంసాన్ని మెత్తబరిచేది అదే. నోట్లో పన్నులాగా దానికీ పని చేసే చోటు ఒకటి ఉంటుందట. అక్కడ మందు అంటించి, ఆ ఒక్క చోటు పని చేయకుండా ఆపి చూస్తారు. "మిగతా ఆకారం దాదాపు అలాగే ఉందమ్మా, వేడికి ఇంకా గట్టిగా నిలబడుతోంది. మాంసం జోలికి మాత్రం పోవడం లేదు" అని చెప్పింది.

నిరుడు మీకు పళ్లన్నీ తీసేశారు. అయినా మీరు మా ఫాదర్ గారే. ప్రసంగం తగ్గలేదు సరికదా, అరగంట పెరిగింది కూడా.

ఈ ఆదివారం మీకు భోజనం పంపే వంతు మాది. ఎప్పుడూ మీ మాంసం కూరలో పచ్చి బొప్పాయి ముక్క వేసి ఉడికిస్తాను. సంతకం రాకపోతే వేయను. మాంసం కొట్టులో ముదురు మేకపోతుదే కావాలని చెప్పి వచ్చాను.

మీ దీవెన కోరుతూ,
మార్త తల్లి