రెండు చక్రాలూ ఒకే కొలత

జనగామ,
డిసెంబరు మొదటివారం.

ప్రియమైన యోసేపుకు, సలాం.

నా కుడిచెవి కూడా పోయింది. కోడలు బద్రున్నీసా ఫోను తెచ్చి చెవికి ఆనిస్తే నీ గొంతు బావిలోంచి వస్తున్నట్టు ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం. ఇందులో నీ దగ్గు నాకు వినబడదు. నా కోపం మాత్రం నీకు వినబడుతుంది.

గార్ల అవతలి గుట్టలో సైకిళ్ళ ఎంపిక పందెం పెడుతున్నారని తెలిసి, బస్సెక్కి పోయి ఆ దారి నడిచి చూసొచ్చాను. మొదట ఎండిపోయిన వాగు, దాని నిండా గుండ్రాళ్ళు. తరువాత చెట్ల వేర్లు పైకి తేలిన ఎక్కుడు. చివర గుట్ట దిగేటప్పుడు వరసగా మలుపులు. నన్నడిగితే గెలుపోటములు వాగులోనే తేలిపోతాయి. పెద్ద చక్రం రాయి మీద నుంచి దొర్లిపోతుంది. చిన్న చక్రం రాయికీ రాయికీ మధ్య సందులో పడుతుంది, పడ్డ ప్రతిసారీ తొక్కేవాళ్ళ ఊపిరి కొంత తినేస్తుంది. కాబట్టి సుజాతకు ఇరవై తొమ్మిది అంగుళాల చక్రాలే ఉండాలి. నువ్వు పట్టుకు కూర్చున్న ఇరవై ఏడున్నర సంగతి మరిచిపో.

సుజాత నీ మనవరాలే, కాదనను. కానీ ఇక్కడి హాస్టల్లో ఉండి చదువుకున్నప్పుడు ఆమెను మొదట సైకిల్ ఎక్కించింది బడిలో డ్రిల్ సారునైన నేనే. ఇరవై మూడేళ్ళ లోపువాళ్ళ విభాగంలో ఆమెకు ఇదే ఆఖరి ఏడాది. మూడు జిల్లాలకూ కలిపి ఒక్క అమ్మాయినే తీసుకుంటారు. వస్తే రాష్ట్ర జట్టు, దానితో శిక్షణ కేంద్రంలో చోటు. రాకపోతే మీ అబ్బాయి మాట్లాడి పెట్టిన బట్టల దుకాణంలో బిల్లులు కొట్టే పని. ఆలోచించుకో.

మన సైకిల్ సంఘం కార్యదర్శి సంజీవ ఆ దారి దగ్గరే కనబడ్డాడు. "సారూ, ఇంక తిరుగుతనే ఉన్నవా?" అన్నాడు. చచ్చిపోలేదేమని దాని అర్థం. వెనకటికి వీడే, నాకు శిక్షకుడి సర్టిఫికెట్ లేదని నియమం చూపించి, నా పిల్లలందరి ముందూ నన్ను పందెం దారికి కట్టిన తాడు అవతలికి నెట్టించాడు. మళ్ళీ ఒక్క పందెంలోనూ న్యాయనిర్ణేతల బల్ల దగ్గరికి రానివ్వలేదు. చాలా చరిత్ర చదివాను యోసేపూ. అవమానం చేసినవాడు మరిచిపోతాడు, పడినవాడు తారీఖులతో సహా గుర్తుపెట్టుకుంటాడు. చరిత్ర అంటే అంతకు మించి ఏమీ లేదు.

మరదలు లచ్చవ్వను అడిగానని చెప్పు.

నీ
మజీద్

*

భూపాలపల్లి,
డిసెంబరు మధ్య.

ప్రియమైన మజీదన్నకు వందనాలు.

నీ ఉత్తరం అందింది. కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి నీ చీమల అక్షరాలు నాకు ఆనడం లేదు. సుజాతే చదివి వినిపిస్తున్నది. కాబట్టి నన్ను తిట్టేటప్పుడు జర చూసి తిట్టు.

నువ్వు చెప్పావని పెద్ద చక్రాల సైకిల్ ఒకటి అడిగి తెచ్చి తొక్కించాను. ఇక్కడ ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని మట్టి తెచ్చి పోసిన పాత గుట్టలున్నాయి గదా, పిల్ల సాధన అంతా వాటి మీదే. నిటారు దిగుడులో పొట్టి మనిషి సీటు వెనక్కు జరిగి కూర్చోవాలి. సుజాత వెనక్కు జరగ్గానే పెద్ద టైరు తగిలి ప్యాంటు చిరిగింది. మలుపుల దగ్గర ఆ సైకిల్ ఆమె మాట వినలేదు. ఆమె ఇటు తిప్పితే అది కాసేపు ఆలోచించుకుని తిరుగుతున్నది. నేను గనిలో బండి నడిపినవాణ్ణి. మాట వినని బండి ఎంత పెద్దదైనా లాభం లేదు.

లచ్చవ్వ ఆ ప్యాంటు కుడుతూ మనిద్దరినీ కలిపి దీవించింది. "మీ ముసలోళ్ళిద్దరు ఎక్కి తొక్కుండ్రి. పిల్లనెందుకు సంపుతరు?" అన్నది. నీకు కూడా రాయమన్నది, రాశాను.

సంజీవ మీద నీ కోపం పాతది అన్నా. పిల్ల తొక్కేది ఇప్పుడు. ఈ రెండూ కలపకు.

నీ తమ్ముడు
యోసేపు

*

జనగామ,
జనవరి మొదటివారం.

ప్రియమైన యోసేపుకు, సలాం.

చక్రాల సంగతి కాసేపు పక్కన పెడదాం. నీకు మంచి కబురు ఉంది.

సుజాతను ఓడించగలిగిన అమ్మాయి మూడు జిల్లాల్లోనూ ఒక్కతే ఉంది. గార్ల దగ్గరి తండా పిల్ల, మంగ్లీ. సంజీవ స్వయంగా తయారు చేస్తున్నాడు. ఆ పిల్ల సైకిల్ చూసి వచ్చినవాళ్ళు చెప్పారు. ముందు పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం. రాళ్ళ మీద దొర్లడానికి ముందుది, మలుపులు తిరగడానికి వెనకది. గాడిదకూ గుర్రానికీ పుట్టిన సైకిల్!

నేను సంఘం నియమాల పుస్తకం తీశాను. అందులో స్పష్టంగా ఉంది: పందెపు సైకిల్‌కు రెండు చక్రాలూ ఒకే కొలతవి అయి ఉండాలి. బయటి దేశాల్లో ఈ నియమం ఎప్పుడో ఎత్తేశారు, నాకు తెలుసు. మనవాళ్ళకు ఎత్తేయాలన్న జ్ఞాపకం లేదు. అర్జీ రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. నా కవరైతే సంజీవ విప్పకుండానే సొరుగులో పడేస్తాడు, అందుకే రాష్ట్రం నుంచి వచ్చే పరిశీలకుడికి కూడా ఒక ప్రతి పంపాను. పందెం రోజు కొలత పట్టీ పెట్టి చూడక తప్పదు.

చచ్చిన నియమంతో కొట్టడం న్యాయమా అని నువ్వు అడుగుతావు. నన్ను కొట్టింది ఏ నియమంతో? సర్టిఫికెట్ లేనివాడు పిల్లలకు సైకిల్ నేర్పకూడదా? నియమంతో ఉరి తీసినవాడిని నియమంతోనే ఉరి తీయాలి. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. యుద్ధంలో ఏనుగు మీద పగతో ఎవరూ బాణం వేయరు, పైన ఎక్కినవాడి కోసం వేస్తారు. పైగా ఒకే దెబ్బకు రెండు పిట్టలు. సంజీవ తల వంగుతుంది, సుజాతకు దారి తెరుచుకుంటుంది. ఇక ఆమె ఏ చక్రం వేసుకున్నా గెలుపు ఆమెదే.

చాలా ఏళ్ళ తరువాత నిన్న కడుపునిండా తిన్నాను.

నీ
మజీద్

*

భూపాలపల్లి,
జనవరి మధ్య.

ప్రియమైన మజీదన్నకు వందనాలు.

నీ ఉత్తరం సుజాత చదువుతున్నది, నేను చాయ్ తాగుతున్నాను. అర్జీ మాట దగ్గర ఆగింది. తరువాత చివరిదాకా చదివి, మడిచి, నా దిండు కింద పెట్టి బయటికి వెళ్ళిపోయింది.

అన్నా, మన పిల్ల సైకిల్ కూడా ఇప్పుడు అట్లాంటిదే. ముందు పెద్దది, వెనక చిన్నది. పందెం రోజు నువ్వు చూసి నవ్వాలని, అప్పటిదాకా నీకు చెప్పొద్దన్నది. ముందుది మజీద్ తాత మాట, వెనకది నీ మాట, ఇక ఇద్దరూ కొట్లాడకండి అన్నది. ఆ సైకిల్ మీద ఆమె గుట్ట దిగుతుంటే నేను చూశాను. ఇన్నాళ్ళూ మనం పనికిరాని వాదన చేశామని అప్పుడే తెలిసింది.

ఇంకో మాట. ఆ ముందు చక్రం మంగ్లీది. క్రిస్మస్ తరువాత ఆ పిల్ల సాధన కోసం ఇక్కడికి వచ్చి మా ఇంట్లోనే ఉన్నది. సుజాత చిన్న చక్రం రాళ్ళలో ఇరుక్కోవడం చూసి, తన దగ్గర అదనంగా ఉన్న పెద్ద చక్రం తీసి బిగించింది. ఎప్పుడు తిరిగి ఇయ్యాలి అంటే, "పందెం అయినంక ఇయ్యి అక్కా" అన్నది. ఇద్దరికీ దక్కేది ఒకే చోటు అని ఆ పిల్లకు తెలియక కాదు. లచ్చవ్వ ఆమెకు తలంటు పోసి పంపింది.

అర్జీ వాపసు తీసుకో. సంజీవకు ఒక్క ముక్క రాస్తే చాలు. నీకు కష్టమని తెలుసు. నా కోసం రాయి.

నీ తమ్ముడు
యోసేపు

*

జనగామ,
జనవరి చివర.

ప్రియమైన యోసేపుకు, సలాం.

వాపసు తీసుకోను. తీసుకుంటే ఆ కాగితాన్ని వాడు అద్దం కట్టించి గోడకు తగిలిస్తాడు. నాకు మిగిలిన నాలుగు రోజులూ ఆ గోడ కిందే బతకాలి.

దీనికింత పరేషాన్ ఎందుకు? సుజాత తన చిన్న చక్రాన్ని మళ్ళీ ముందుకు బిగించుకుంటే సరిపోతుంది. రెండూ చిన్నవే, రెండూ ఒకే కొలత. నీ మాటే గెలిచింది, సంతోషించు. పెద్ద చక్రం ఊసు ఇక ఎత్తను.

సుజాతా, ఇది నువ్వే చదువుతున్నావని తెలుసు. ఈ మాట నీ కోసం. మంగ్లీకి ఏమీ చెప్పకు. మంచితనం చూపించే రోజులు చాలా వస్తాయి, ఈ ఎంపిక మళ్ళీ రాదు. ఆ పిల్ల నీకంటే చిన్నది, ఆమెకు వచ్చే ఏడాది ఉంది. నీకు లేదు. ఆ వాగులో గెలవడానికి నీకు నేర్పినదంతా నేర్పాను. ఇదొక్కటి కూడా నేర్చుకో.

దువాలతో,
మజీద్

*

భూపాలపల్లి,
ఫిబ్రవరి.

ప్రియమైన మజీదన్నకు వందనాలు.

పందెం అయిపోయింది. నువ్వు జ్వరంతో రాలేకపోయావని విన్నాను. రాకపోవడమే మంచిదైంది.

నీ ఉత్తరం చదివిన తెల్లారే సుజాత తన చిన్న చక్రం సంచిలో వేసుకుని గార్ల బస్సెక్కింది. ఎందుకని నేనడగలేదు. వాపసు ఇయ్యాల్సింది పెద్దది గదా, చిన్నది తీసుకుపోతున్నదేమిటన్న ఆలోచన కూడా నాకు రాలేదు. మంగ్లీ దగ్గర ఉన్నవి పెద్ద ముందు చక్రాలే. ఆ పిల్ల సైకిల్ వెనక పెద్ద చక్రం పట్టదు. ముందుకు చిన్నది దొరికితేనే రెండూ ఒకే కొలత అవుతాయి. అది మనవైపు దుకాణాల్లో దొరికే సామాను కాదు. సుజాత తనది బిగించి వచ్చింది. నీ చక్రం నాకిస్తే మరి నీకెట్ల అక్కా అని మంగ్లీ అడిగిందట. నాకు ఇంకోటి వరంగల్ నుంచి వస్తున్నదని చెప్పిందట. నాకూ అదే చెప్పింది.

పందెం రోజు పరిశీలకుడు కొలత పట్టీ పట్టుకుని నిలబడ్డాడు. మంగ్లీ సైకిల్ సరిపోయింది. తరువాత సుజాతది. ముందు పెద్దది, వెనక చిన్నది. సంజీవ నీ అర్జీ తీసి మైకులో మొదటి నుంచి చివరిదాకా చదివాడు. నన్ను చూసి, "మజీద్ సారు తెలుగు ఎంత మంచిగ రాస్తడో సూడుండ్రి" అన్నాడు. సుజాతను తాడు అవతలికి పొమ్మన్నారు. పోయింది.

మంగ్లీకి అప్పుడు అర్థమైంది. సైకిల్ దిగి తాడు దగ్గరికి వచ్చి ఏడ్చింది, నేను తొక్కను అన్నది. సుజాత ఆ పిల్ల తల మీది హెల్మెట్ సర్ది, "ఉత్తగ దిగిపోతె నీ మొకం జన్మల సూడ. పో" అన్నది.

మంగ్లీ గెలిచింది. నువ్వు అడుగుతావని చెప్తున్నా, వాగులో చిన్న చక్రంతో ఆగి ఆగి పోయి చాలా వెనకబడింది. మలుపుల్లో అందరినీ దాటింది. ఏ చక్రం మంచిదో నాకు ఇప్పటికీ తెలియదు.

తిరిగి వస్తుంటే తొర్రూరు బస్టాండులో బస్సు కోసం కూర్చున్నాం. ఎందుకు చేసినవు బిడ్డా అని అడిగాను. ఎటో చూస్తూ అన్నది: "గా కాయితం మనింట్ల నుంచి పోయింది తాతా. ఆ పిల్ల తాన టైరు తీస్కొని, మళ్ల ఆ పిల్లనే కాయితం వెట్టి కొడ్తమా?"

మజీద్ తాతకు ఏం రాయాలె అంటే, "ఏం రాయకు" అన్నది. ఆమె మాట కాదని ఇది రాస్తున్నాను. ఎవరి సాయమూ లేకుండా, ఆనని కళ్ళతో రాసింది నేనే, అక్షరాలు వంకరగా ఉంటే అందుకే.

సంజీవ నాతో చెప్పి పంపాడు. నియమాలు అంత బాగా తెలిసిన పెద్దమనిషి బయట ఉండకూడదట. నిన్ను న్యాయనిర్ణేతల్లోకి తీసుకుంటాడట.

సుజాత సోమవారం నుంచి బట్టల దుకాణానికి పోతున్నది.

మనది యాభై ఏళ్ళ దోస్తీ అన్నా, తెంచుకోను. ఉత్తరాలు రాయి, ఎవరితోనైనా చదివించుకుంటాను. కానీ వాటిలో ఆ పిల్ల పేరు రాయకు.

నీ తమ్ముడు
యోసేపు

*

జనగామ,
మార్చి చివర.

ప్రియమైన యోసేపుకు, సలాం.

నువ్వు పెట్టిన షరతుకు లోబడి రాస్తున్నాను. ఈసారి అక్షరాలు పెద్దవిగా రాశాను.

ఇక్కడ ఎండలు ముదిరాయి. బద్రున్నీసా నా చెవి మిషను మార్పించింది. ఇప్పుడు గిన్నెల చప్పుడు బాగా వినిపిస్తుంది, మనుషుల మాటలు ఎప్పటిలాగే. పుస్తకాలు తెరుస్తున్నాను గానీ పేజీ కదలడం లేదు.

సంజీవ నిజంగానే పిలిచాడు. పోకూడదనుకున్నాను, పోయాను. బల్ల దగ్గర నాకు కుర్చీ వేశారు. చక్రాల నియమం కొట్టేయాలని నేనే ప్రతిపాదించాను. అడ్డుపడతారని వాదనంతా కాగితం మీద రాసుకుని పోయాను. ఎవరూ అడ్డుపడలేదు. చేతులెత్తారు, చాయ్ వచ్చింది, అయిపోయింది. "గిది ముందే అడగకపోయినవా సారూ. గప్పుడే తీసేద్దుము గద" అన్నాడు సంజీవ. వాడి మొహంలో ఎగతాళి కోసం వెతికాను. లేదు. తాడు అవతలికి నెట్టించిన సంగతి అడిగితే వాడికి గుర్తే లేదు.

తరువాత వయసు నియమం సంగతి ఎత్తాను. ఒక్క ఏడాది సడలించమన్నాను. అది పైవాళ్ళ చేతిలో ఉంటుందన్నారు. అడిగి చూడడానికి వీలుందేమోనని సంజీవ కలం తీసి, "ఎవరి కోసమని రాయాలె సారూ?" అన్నాడు.

బల్ల చుట్టూ అందరూ నా వైపే చూస్తున్నారు. వినబడలేదనుకుని వాడు ఇంకోసారి గట్టిగా అడిగాడు.

వినబడింది యోసేపూ. చెప్పడానికి నోరు రాలేదు.

నీ
మజీద్